చర్మం తీరు తెలిసి పూత ఎంచుకోండి



క్రిందటి పుష్యమాసంలో ఒక పల్లెలో చర్మవ్యాధుల శిబిరం పెట్టాము. వరుసలో వున్నవారిలో ఒక పెద్దాయన కుంటుకుంటూ వచ్చి నా ముందు కూర్చున్నాడు. రెండు మడమలూ బీటలు వారి వున్నవి. బీటల అంచులు కాలినట్లు ఎర్రగా వున్నవి.

"ఏం పూశారు బాబాయ్?" అని అడిగాను.

"యూరియా, డాక్టరు గారూ!" అన్నాడు.

సంగతి ఏమిటంటే, పట్నంలో చదువుకునే మనవడు కాళ్ళ పగుళ్ళకని ఒక గొట్టం తెచ్చి ఇచ్చాడట. అది బాగానే పనిచేసింది. గొట్టం అయిపోయిన తరువాత, దానిమీద ఏమి వ్రాసివున్నదో చదవమన్నాడు. మనవడు చదివి "యూరియా" అన్నాడు. "ఇంట్లో బస్తాడు యూరియా పెట్టుకుని, ఇంత గొట్టానికి డబ్బు పొయ్యడమెందుకులే అని, గుప్పెడు తీసి నీళ్ళలో కలిపి పూశానండీ. రాత్రంతా మంటలే మంటలు" అన్నాడు.

చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుచేతనంటే, అక్కడ వున్న అందరిలోనూ సరైన ప్రశ్న వేసినవాడు ఆయన ఒక్కడే. డబ్బామీది బొమ్మ చూడలేదు, వాసన చూడలేదు, ధర చూడలేదు. "ఇందులో ఏమి వున్నది?" అని అడిగాడు. అయితే సగం ప్రశ్నతోనే ఆగిపోయాడు. ఎంత పాలు వున్నది? ఎంత శుద్ధమైనది? ఎటువంటి చర్మానికి? ఈ మూడూ కూడా అడిగివుంటే ఆయనకు ఆ బాధ వుండేది కాదు. ఆ మిగిలిన సగం ప్రశ్నను గురించే ఈనాడు మీతో ముచ్చటిస్తాను.

"చర్మానికి పూతలు, సోకులు పట్నవాసులకు గాని మాకెందుకండీ?" అని మీరు అనవచ్చు. నేను సోకును గురించి చెప్పబోవడం లేదు. చర్మం మన వంటికి ప్రహరీగోడ. గోడ బీట వారితే దొంగ దూరినట్లు, చర్మం పగిలితే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పైరుకు చల్లే పురుగుమందు కూడా బాగున్న చర్మంలోనికన్న పగిలిన చర్మంలోనికి ఎక్కువగా ఇంకుతుంది. కాబట్టి చేతులు, కాళ్ళు పగలకుండా చూచుకోవడం రైతుకు సోకు కాదు, రక్షణ.

ముందుగా ఈ గోడ కట్టుబడి ఎటువంటిదో చూద్దాం. చర్మం పైపొరలో ఇటుకలు పేర్చినట్లు చిన్న చిన్న కణాలు వుంటాయి. ఇటుకల మధ్య అడుసు వలె, కణాల మధ్య ఒక రకమైన కొవ్వు వుంటుంది. ఆ కొవ్వు వున్నంతకాలం లోపలి తేమ బయటికి పోదు, బయటి చెడుగు లోపలికి రాదు. ఇది గాక, చర్మంలో నూనె తిత్తులు వుండి పైకి కొంచెం జిడ్డు వదులుతూ వుంటాయి. ముఖాన, నెత్తిన, రొమ్ముమీద, వీపుమీద ఈ తిత్తులు ఎక్కువ. అరచేతులలోను, అరికాళ్ళలోను అసలే లేవు. అందుకే ముఖం జిడ్డు కారుతున్న మనిషికి కూడా మడమలు పగులుతాయి. ఒకే మనిషి వంటిమీద రెండు మూడు రకాల నేలలు వున్నవన్నమాట. రేగడి నేలకూ, చల్క నేలకూ ఒకే ఎరువు, ఒకే తడి పనికిరావని మీకు నేను చెప్పనక్కర లేదు. చర్మం సంగతీ అంతే.

మీ ముఖచర్మం ఏ రకమో తెలుసుకోవడానికి పరీక్ష ఒకటి చెబుతాను. తెల్లవారి ముఖం కడుక్కొని, తుడుచుకొని, ఏమీ పూయకుండా ఒక గంట వుండండి. తరువాత పలుచని కాగితం ముక్క నుదుటిమీద, ముక్కుమీద, బుగ్గలమీద విడివిడిగా అద్ది చూడండి. అన్ని చోట్లా కాగితానికి జిడ్డు అంటితే మీది జిడ్డు చర్మం. ఎక్కడా అంటక, చర్మం బిగుసుకొని లాగుతున్నట్లు వుంటే పొడి చర్మం. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర అంటి, బుగ్గలమీద అంటకపోతే మిశ్రమ చర్మం. ఇక ఏది పూసినా మంట, దురద, ఎర్రదనం వచ్చేవారిది సున్నిత చర్మం. పొడి చర్మంలోను, జిడ్డు చర్మంలోను కూడా సున్నితం వుండవచ్చు. వయసు మళ్ళినకొద్దీ జిడ్డు తగ్గుతుంది. చలికాలంలో అందరికీ తగ్గుతుంది. కనుక ఈ పరీక్ష ఒకసారి చేసి వూరుకోక, కాలం మారినప్పుడల్లా చేయాలి.

ఇప్పుడు పూతలలో వుండే సరుకుల సంగతి. అంగడిలో డబ్బాలు వంద రకాలు వున్నా, చర్మాన్ని మెత్తబరచే సరుకులు చేసే పనులు ముఖ్యంగా మూడే.

మొదటిది తేమను పట్టివుంచడం. గ్లిసరిన్, యూరియా, హయలురోనిక్ ఆమ్లం ఈ పని చేస్తాయి. చివికిన పశువుల ఎరువు నేలలో తడిని ఎలా పట్టివుంచుతుందో, ఇవీ అలాగే.

రెండవది సందులు నింపి నునుపు చేయడం. కొబ్బరినూనె, నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనె వంటివి ఈ పనికి వస్తాయి. సెరమైడ్లు అనే సరుకు కొన్ని క్రీములలో కలుపుతారు. అది మన గోడలోని కొవ్వు జాతికే చెందినది.

మూడవది పైన కప్పివుంచి తేమ ఎగిరిపోకుండా కాపాడడం. ఈ పనిలో వేజలైన్‌ను మించినది లేదు. డబ్బాలమీద దీనిని పెట్రోలాటం అని గాని, పెట్రోలియం జెల్లీ అని గాని వ్రాస్తారు. తేనెమైనం, గొర్రె ఉన్నిని కడిగినప్పుడు వచ్చే లానొలిన్ అనే కొవ్వు కూడా ఈ జాతివే. మామిడి పాదులో ఆకుచెత్త కప్పితే తడి ఆరదు కదా! ఇదీ అటువంటి కప్పే. అయితే ఎండిన పాదుమీద ఆకు కప్పి ఏమి లాభం? ముందు నీరు పెట్టి కప్పాలి. చర్మానికీ అంతే. తడి మీదనే పూత పూయాలి. స్నానం చేసి, నీళ్ళు ఓడ్చుకొనేటట్లు మెల్లగా అద్దుకొని, చర్మం ఇంకా చెమ్మగా వుండగానే పూసుకోండి. ఈ ఒక్క మాట జ్ఞాపకం వుంచుకుంటే చవక సరుకు కూడా ఖరీదైన సరుకుతో సమానంగా పనిచేస్తుంది.

వేజలైన్ కథ కొంచెం చెబుతాను. ఇది పనివాళ్ళ చేతులలో పుట్టిన సరుకు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1859లో రాతినూనె బావులు తవ్వారు. పంపుల కడ్డీలకు జిగట మైనం వంటి పదార్థం పట్టుకొని పనికి అడ్డు వచ్చేది. అక్కడి కూలీలు దానిని గోకి తీసి, తెగిన గాయాలకు, కాలిన చోట్లకు పూసుకునేవారు. రాబర్ట్ చీస్‌బ్రో అనే రసాయన నిపుణుడు అది చూచి, ఆ మైనాన్ని శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టి, 1872లో హక్కుపత్రం పొందాడు. అయితే ఆ కథ విని ఇంజను ఆయిలు, కిరసనాయిలు కాళ్ళకు రాసేరు సుమా! మనవాళ్ళలో ఆ అలవాటు వున్నది. పుట్టుక ఒకటే అయినా శుద్ధిలో ఎంతో భేదం వున్నది. కిరసనాయిలు చర్మంలోని కొవ్వును కడిగివేసి పగుళ్ళను ఇంకా పెంచుతుంది.

మన పెద్దాయన యూరియా సంగతి కూడా ఇటువంటిదే. గొట్టంలో వున్నదీ, బస్తాలో వున్నదీ రసాయనం ఒకటే. అబద్ధం లేదు. కాని గొట్టంలోనిది మందుల శుద్ధి గలది. నూటికి పది పాళ్ళు, ఇరవై పాళ్ళు అని కొలిచి, క్రీములో కలిపి పెట్టినది. పది పాళ్ళ వరకు వుంటే చర్మానికి తేమ పడుతుంది. ఇరవై మొదలు నలభై పాళ్ళ వరకు వుంటే మొద్దుబారిన చర్మాన్ని మెత్తబరచి పొరలు వూడదీస్తుంది. బస్తాలోనిది పైరుకు చేసినది. 2015 నుండి మన దేశంలో యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఆ గుళికలలో చర్మానికి పనికిరాని మలినాలు కూడా వుండవచ్చు. గుప్పెడు పోసి కలిపితే ఎన్ని పాళ్ళు అయిందో ఎవరు చెప్పగలరు? పైగా, కొలిచి చేసిన యూరియా క్రీము అయినా సరే, నెత్తురు చెమరుస్తున్న పగులుమీద పూస్తే చురుక్కుమని మండుతుంది. పచ్చి పగులుకు ముందు వేజలైన్ పూసి మాననిచ్చి, తరువాత యూరియా క్రీము వాడాలి.

ఇక ఏ చర్మానికి ఏది అన్నది విడివిడిగా చెబుతాను.

మొదట పొడి చర్మం. దీనికి తొలి శత్రువు సబ్బు. ఆరోగ్యమైన చర్మం పైభాగం కొంచెం పులుపు తత్వం గలది. మామూలు సబ్బు క్షారం. రోజుకు నాలుగుసార్లు సబ్బు రుద్దితే గోడలోని అడుసు కరిగిపోతుంది. బట్టల సబ్బుతో, బట్టల పొడితో ఒళ్ళు, చేతులు కడుక్కోకండి. స్నానపు సబ్బు కొనేటప్పుడు కాగితంమీద టి.ఎఫ్.ఎం. అనే మూడు అక్షరాల పక్కన ఎంత శాతం వున్నదో చూడండి. సబ్బులో కొవ్వు పదార్థం ఎంత వున్నదో ఆ అంకె చెబుతుంది. 76 శాతం, ఆపైన వుంటే అది మొదటి తరగతి సబ్బు. చర్మం బాగా పొడిబారినవారు మురికి పట్టిన చోటనే సబ్బు వాడి, మిగిలిన ఒంటికి గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటే చాలు. సలసల కాగిన నీళ్ళు పోసుకోకండి.

స్నానం అయిన వెంటనే కొబ్బరినూనెగాని, పొద్దుతిరుగుడు నూనెగాని పలుచగా రాసుకోండి. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలెయిక్ ఆమ్లం చర్మపు గోడ కట్టుబడికి పనికివచ్చే కొవ్వు. వంటకు తెచ్చిన కొత్త నూనెలో నుండే చెంచాడు తీసుకోవచ్చు. వడలు కాల్చిన నూనె మాత్రం వద్దు. గ్లిసరిన్ వాడదలచినవారు దానిని చిక్కగా పూయరాదు. ఒక పాలు గ్లిసరిన్‌కు రెండు పాళ్ళు నీరు కలిపి పూసి, పైన నూనెగాని, వేజలైన్‌గాని రాయాలి.

మడమల పగుళ్ళకు ఈ పద్ధతి చేయండి. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కాళ్ళు నానబెట్టండి. మెత్తబడిన మొద్దుచర్మాన్ని నున్నని రాయితో మెల్లగా రుద్దండి. కత్తితో, బ్లేడుతో కోయకండి. తడి అద్దుకొని వెంటనే వేజలైన్ దట్టంగా పూసి, పాత నూలు మేజోళ్ళు తొడుక్కొని పడుకోండి. ఇంట్లో తేనెమైనం వుంటే పూతమందు మీరే చేసుకోవచ్చు. ఒక పాలు మైనం, నాలుగు పాళ్ళు కొబ్బరినూనె తీసుకొని, వేడినీళ్ళ గిన్నెలో మరొక గిన్నె పెట్టి కరిగించి, కలియబెట్టి, డబ్బాలో పోసి చల్లారనివ్వండి. సూటిగా పొయ్యిమీద పెట్టరాదు, మైనం అంటుకుంటుంది. మైనం పాలు పెంచితే గట్టిగా, తగ్గిస్తే జారుగా వస్తుంది.

పగుళ్ళకు అమ్మే కొన్ని పూతలలో సాలిసిలిక్ ఆమ్లం వుంటుంది. అది మొద్దుచర్మాన్ని పొరలు పొరలుగా విప్పుతుంది. పచ్చి పుండుమీద వాడరాదు. చక్కెరవ్యాధి వున్నవారు, పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇటువంటి ఘాటు పూతలు డాక్టరును అడగకుండా ముట్టుకోరాదు. వారికి నీళ్ళు కూడా ఎంత వేడిగా వున్నవో పాదానికి తెలియదు. ఇంట్లో మరొకరు మోచేతితో చూచి చెప్పాలి.

నాట్ల కాలంలో మరొక చిక్కు వస్తుంది. దినమంతా బురదలో నాని కాలివేళ్ళ సందులు తెల్లబడి, ఒరుసుకుపోయి, దురద పెడతాయి. అక్కడ తేమ తక్కువ కాలేదు, ఎక్కువైంది. పని నుంచి వచ్చిన తరువాత కప్పే పూత పూస్తే తడి లోపలే వుండి ఇంకా చెడుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిబట్టతో బాగా తుడిచి, గాలి తగలనివ్వాలి. మడులలో దిగేముందు మాత్రం, చర్మం పొడిగా వున్నప్పుడు పలుచగా వేజలైన్ రాసుకుంటే నానుడు కొంత తగ్గుతుంది. చూశారా, ఒకే సరుకు పొద్దున మేలు, సాయంత్రం కీడు!

రెండవది జిడ్డు చర్మం. ఇది ఎక్కువగా ఎదిగే పిల్లలకు. ముఖాన మొటిమలు వస్తాయి. వాళ్ళు చేసే పొరపాట్లు రెండు. జిడ్డు పోవాలని దినానికి అయిదారుసార్లు సబ్బుతో తోముతారు. ముఖం మండి, బిగుసుకుపోతే, మళ్ళీ కొబ్బరినూనె రాస్తారు. కొబ్బరినూనె కాళ్ళకు, చేతులకు మంచిదే గాని మొటిమల ముఖానికి కాదు. తిత్తుల నోళ్ళు పూడిపోతాయి. తలకు రాసిన నూనె నుదుటికి జారినా అక్కడ మొటిమలు లేస్తాయి. ఇటువంటివారు ఉదయం, సాయంత్రం రెండుసార్లు మెల్లగా ముఖం కడిగి, నూనె లేని పలుచని లోషను వాడితే చాలు. గ్లిసరిన్, నయాసినమైడ్ వున్నవి వీరికి పడతాయి. సాలిసిలిక్ ఆమ్లం ఒకటి, రెండు పాళ్ళకు మించకుండా వున్నది పూడిన నోళ్ళను తెరుస్తుంది. ఎర్రని మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ రెండున్నర పాళ్ళది రాత్రిపూట పలుచగా రాయవచ్చు. అది బట్టల రంగు తీసేస్తుంది గనుక పాత దిండుగుడ్డ వేసుకోవాలి. రాసిన మర్నాడే ఫలితం చూడరాదు. ఆరు నుండి ఎనిమిది వారాలైనా ఓపిక పట్టాలి. గడ్డలవలె లోతుగా వచ్చి, మచ్చలు పడుతుంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపాలి.

మూడవది మిశ్రమ చర్మం. దీనికి ప్రత్యేకంగా డబ్బా వెతకనక్కర లేదు. నుదురు, ముక్కుమీద జిడ్డు చర్మానికి చెప్పినదీ, బుగ్గలమీద పొడి చర్మానికి చెప్పినదీ చేయండి.

నాలుగవది సున్నిత చర్మం. దీనికి సరుకులు ఎన్ని తక్కువైతే అంత మంచిది. పూతలవల్ల దద్దురు రావడానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి వాసన కోసం కలిపే అత్తరు. డబ్బామీద పర్ఫ్యూమ్ అనో, ఫ్రాగ్రెన్స్ అనో వుంటుంది. వీరికి వాసనలేని వేజలైన్ అన్నిటికన్న నిరపాయం. కొత్తది ఏది కొన్నా ముఖానికి పూయకముందు, మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత మేర, రోజుకు రెండుసార్లు ఒక వారం పూసి చూడండి. ఎర్రబడకపోతే అప్పుడు వాడండి. పొలంలో చారెడు చోట చల్లి చూచినట్లే ఇది. ముఖం, మెడ, చేతులు మాత్రమే దురదపెట్టి నల్లబడి మొద్దుబారుతుంటే, పూతలను మార్చుకుంటూ పోక గట్లమీద వయ్యారిభామ వున్నదేమో చూడండి. 1950ల దశకంలో పూనా ప్రాంతంలో కనబడి దేశమంతా ప్రాకిన ఈ కలుపు, తాకినవారికే గాక గాలికి దాని పొడి సోకినవారికి కూడా దద్దురు పుట్టిస్తుంది. దానికి మందు డబ్బాలో లేదు. పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, కలుపు పీకివేయాలి.

అన్ని చర్మాలకూ వర్తించేది ఎండ. నల్లని చర్మానికి ఎండనుండి కొంత సహజ రక్షణ వున్నమాట నిజమే. అయినా మంగు మచ్చలు ఎండకు ముదురుతాయి. ఎండ పూతలలో జింక్ ఆక్సైడ్, టైటానియం డైఆక్సైడ్ వున్నవి సున్నిత చర్మానికి కూడా పడతాయి. ఎస్.పి.ఎఫ్. 30, ఆపైన వుండాలి. కాని చెమట కారేటప్పుడు రెండు గంటలకొకసారి మళ్ళీ పూయాలి. పొలంలో అది అందరికీ సాధ్యమా? కాబట్టి నేను మొదట చెప్పేది తలపాగా, అంచు వెడల్పు టోపీ, నిండు చేతుల చొక్కా. బట్టకు మించిన ఎండ పూత రైతుకు లేదు. ముఖానికి నిమ్మరసం రాసుకొని ఎండలోకి పోవద్దు. ఎండ తగిలి బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి.

పురుగుమందు కొట్టేముందు చేతులకు నూనె రాసుకుంటే మందు అంటదని కొందరి నమ్మకం. అది ప్రమాదం. ఎన్నో పురుగుమందులు నూనెలో కరిగేవే. తొడుగులే రక్షణ గాని నూనె కాదు. పని ముగిసి, సబ్బు నీళ్ళతో కడుక్కొన్న తరువాత పూత పూసుకోండి.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక రెండు మాటలలో చెబుతాను. ఇది వినకపోతే మిగిలినదంతా విన్నా లాభం లేదు.

ఒకటి, పాదరసం. వారం రోజులలో తెల్లబరుస్తామని అమ్మే కొన్ని క్రీములలో పాదరసం కలుపుతారు. పూర్వం విత్తనశుద్ధికి పాదరసపు పొడిమందులు వుండేవి. విషమని వాటి వాడకం పోయింది. విత్తనానికే వద్దనుకున్న పాదరసాన్ని ఆడపిల్ల ముఖానికి పూయవచ్చునా? అది చర్మంలో నుంచి ఇంకి మూత్రపిండాలను చెరుస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో ఇటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్లు డాక్టర్లు గుర్తించారు. జపాను దేశంలో మినమాటా అనే వూరిలో పాదరసం కలిసిన చేపలు తిని జనం నరాల జబ్బున పడిన సంగతి 1956లో బయటపడింది. ఆ వూరి పేరుతోనే 2013లో దేశాలు ఒడంబడిక చేసుకొని, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలను నిషేధించాయి. మన దేశంలోని 2020 నాటి నియమాలు కూడా వాటిని నిషేధిస్తున్నవి. అయినా దొంగచాటుగా వస్తున్నవి. తయారు చేసినవారి చిరునామా లేదా? లైసెన్సు నంబరు లేదా? సరుకుల పట్టిక లేదా? బంగారు, వెండి నగలకు తగలనివ్వవద్దని వ్రాసివున్నదా? అటువంటి డబ్బాను ఇంట్లోకి రానివ్వకండి. మెర్క్యురీ, కాలోమెల్ అనే మాటలు కనబడినా అంతే.

రెండు, స్టిరాయిడ్. గొట్టంమీద బీటామెథాసోన్, క్లోబెటసోల్, మొమెటాసోన్ అనే పేర్లు వుంటే అది స్టిరాయిడ్ పూత. డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందే. కాని మన పల్లెలలో ఏమి జరుగుతున్నది? తొడ సందున తామర వస్తుంది. అంగడిలో ఒక గొట్టం అడిగి తెస్తారు. రెండు రోజులలో దురద చల్లబడుతుంది. మందు పట్టింది అనుకుంటారు. లోపల తామర బూజు మాత్రం చావదు, నీటి కింద కలుపువలె ప్రాకుతుంది. ఆపితే రెట్టింపు లేస్తుంది. అదే గొట్టం భార్య, పిల్లలు వాడతారు. చివరకు నెలల తరబడి మందులు మింగవలసి వస్తుంది. మంగు మచ్చలకని ముఖానికి రాస్తే చర్మం పలుచబడి, ఎండలోకి పోతే మండి, నూగు వెంట్రుకలు లేచి, మొటిమలు పుడతాయి. ఇటువంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నియమాన్ని బిగించింది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా ఆపక, గొట్టం వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

విస్తరణ సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు ఒక మనవి. భూసార పరీక్ష గురించి చెప్పడానికి రైతుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు, గూటిలో వున్న గొట్టాలు, డబ్బాలు ఒకసారి తెమ్మనండి. వాటిమీది అక్షరాలు ఇంగ్లీషులో చీమల బారులాగా వుంటాయి. బడికి పోయే పిల్లల చేత చదివించండి. సౌందర్య సాధనాలమీద ఎక్కువ పాలు వున్న సరుకు ముందు, తక్కువది వెనుక వ్రాస్తారు. ఆక్వా అంటే నీరు. కోకోస్ న్యూసిఫెరా అంటే కొబ్బరి. హీలియాంథస్ అంటే పొద్దుతిరుగుడు. డబ్బామీద బాదం బొమ్మ పెద్దదిగా వేసి, పట్టికలో బాదంనూనె అన్నిటికన్న చివర వుంటే, అందులో బాదం ఎంత వున్నదో రైతుకే అర్థమవుతుంది. మందుల గొట్టాలమీద ఏ మందు ఎన్ని పాళ్ళో అంకెలతో వుంటుంది. ఇంకొక సంగతి. పాలిపోయిన మచ్చ వుండి, అక్కడ స్పర్శ తెలియకపోతే ఏ పూతా చెప్పవద్దు. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందు ఇస్తారు, వేళకు వాడితే నయమవుతుంది. మానని పుండును, పెరుగుతున్న నల్లమచ్చను, చీము పట్టిన పగులును కూడా ఆసుపత్రికే పంపండి.

రైతు సోదరులారా, మా పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన చేత ఏ ఖరీదైన గొట్టమూ కొనిపించలేదు. రాత్రిళ్ళు కాళ్ళు నానబెట్టి వేజలైన్ పూయమన్నాను. పచ్చిదనం మానిన తరువాత పది పాళ్ళ యూరియా క్రీము వ్రాసి ఇచ్చాను. నెలనాటికి మళ్ళీ ఆ వూరు వెళితే, చెప్పులు విడిచి మడమలు చూపించాడు. బీటలు పూడి నున్నబడ్డాయి. "మరి బస్తా ఏమైంది బాబాయ్?" అని అడిగాను.

"ఎక్కడిది అక్కడికే పోయిందండీ. బస్తాది చేనికి, గొట్టంది కాలికి" అన్నాడు.

నేను ఇంతసేపు చెప్పినదంతా ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. మీరూ ఏదైనా పూత చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. ఇందులో ఏమి వున్నది? ఎంత పాలు? ఎంత శుద్ధం? ఏ చర్మానికి?